పాఠంలో చెప్పని సగం

ఆదివారం పొద్దున్నే తల్లి కాఫీ గ్లాసుతో పాటు ఒక కవరు కూడా తెచ్చి కూతురి ముందు పెట్టింది. పెట్టి, కదలకుండా అక్కడే నిలబడింది.

మనోవ్యాధుల మందుల గురించి పాఠాలు చెప్పేవాళ్ల సంఘం రాసిన ఉత్తరమది. ఏటా ఒక ఉత్తమ అధ్యాపకుణ్ణి ఎన్నుకుని సత్కరిస్తారు. ఈసారి చివరి జాబితాలో నాన్న ఉన్నాడు. ముప్పయ్యేళ్లుగా వైద్య కళాశాలలో ఆ పాఠాలే చెబుతూ, పిల్లల చేత మందుల మాస్టారు అనిపించుకుంటున్న మనిషి. ఆయన బోధన ఎలా ఉంటుందో పూర్వ విద్యార్థి ఒకరు రాసి పంపాలట. ఎవరి చేత రాయించమంటారని అడిగితే ఆయన కూతురి పేరిచ్చాడు.

"అంతమంది శిష్యులుండగా నిన్నే అడిగారు చూడు," అంది తల్లి. "నాలుగు మంచి ముక్కలు రాసెయ్యి."

"రాస్తానమ్మా. ఒక్క ముక్క కూడా దాచుకోకుండా రాస్తాను."

తల్లి మురిసిపోయింది. పాపం, ఆవిడకి కూతురి నవ్వు తెలుసు గానీ ఆ నవ్వు వెనక పన్నెండేళ్లుగా ఏం ఉడుకుతోందో తెలియదు.

అప్పట్లో కూతురు నాన్న దగ్గరే మానసిక వైద్యం చదువుతోంది. వార్డులో బట్టలు కుట్టే ఆవిడొకరు మనసు స్థిమితపడడానికి లిథియం అనే మందు వాడుతుండేది. మోకాళ్ల నొప్పులని ఆవిడ మూలుగుతుంటే, ఈమె జాలిపడి నొప్పి బిళ్ల రాసింది. ఆ రెండూ కలిస్తే లిథియం ఒంట్లో పేరుకుపోయి విషమవుతుంది. నాలుగో రోజుకి ఆవిడ మాట ముద్దైపోయింది, అడుగు తడబడి కుప్పకూలింది. అదృష్టం బాగుండి బతికింది. మర్నాడు రౌండ్సులో ఇరవై మంది ముందు నాన్న ఆ కేస్ షీటు కూతురి చేతికిచ్చి, మంచం పక్కన నిలబెట్టి, గట్టిగా చదివించాడు. మందు రాసే చెయ్యి కాదిది అన్నాడు. ఆరు నెలలు వార్డు గడప తొక్కనివ్వలేదు.

తప్పు తనదే. ఆమె ఏనాడూ కాదనలేదు. కానీ విద్యార్థి ఏ మందు రాసినా గురువు చదివి, కింద సంతకం పెడితే తప్ప నర్సు రోగికివ్వదు. ఆ షీటు మీద తన సంతకం కింద నాన్న సంతకం ఉంది. చదవకుండా గీకిపారేసిన సంతకం. ఆ రోజు చదువుతూ చదువుతూ అక్కడికొచ్చి ఆగింది, నాన్న మొహం చూసింది, ఆ ఒక్క లైనూ మింగేసింది.

అక్కడితో పోయినా మరిచిపోయేదేమో. పోనిస్తేగా! ఏటా కొత్త బ్యాచికి నాన్న చెప్పే మొదటి పాఠం ఆ కథే. నా దగ్గరొక అమ్మాయి ఉండేది అని మొదలుపెట్టి, క్లాసంతా పొట్టచెక్కలయ్యేలా చెబుతాడు. ఆ అమ్మాయి ఎవరో ఊరందరికీ తెలుసు. ఈమె వేరే ఆసుపత్రిలో ఉద్యోగం వెతుక్కున్నా లాభం లేకపోయింది. కొత్తగా చేరిన ప్రతి జూనియరూ వారం తిరక్కుండా "మేడమ్, ఆ లిథియం కేసు మీదేనటగా," అంటాడు. విన్నప్పుడల్లా ఒళ్లు భగ్గుమనేది.

అందుకే ఉత్తరం అరగంటలో పూర్తయింది. ల్యాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి, పేపరు చదువుకుంటున్న నాన్న వినేలా మొదటి నుంచి చివరిదాకా చదివింది. రెండో సంతకం దగ్గర మాత్రం ఆగి, ఆ వాక్యం మళ్లీ చదివింది.

తల్లి చేతిలో గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఉండిపోయింది. "కన్నతండ్రిని నలుగురిలో ఇలా దించేస్తావా? నీకేం పోయేకాలం?"

"నన్ను పన్నెండేళ్లుగా నలుగురిలో దించుతూనే ఉన్నారు కదమ్మా. అప్పుడెవరికీ పోయేకాలం రాలేదే."

"అది పాఠం తల్లీ," అన్నాడు నాన్న నెమ్మదిగా. "అది విన్నవాళ్లెవరూ మళ్లీ ఆ తప్పు చెయ్యలేదు."

"పాఠమే. సగం పాఠం. రాసినదాని సంగతి చెప్పారు, చదవకుండా సంతకం పెట్టినవాడి సంగతి ఎగ్గొట్టారు. ఉత్తరానికి నా పేరెందుకిచ్చారు? కూతురి చేత పొగిడించుకుంటే ముద్దొస్తుందనా?"

నాన్న పేపరు మడత పెట్టాడు. "నువ్వైతే నిజం రాస్తావని..." అని ఆగాడు. "కాదు. అబద్ధమెందుకు? అప్పుడు కాపాడావుగా, ఇప్పుడూ కాపాడతావనుకున్నాను."

ఆయనకి తెలుసన్నమాట. ఆమె లైను మింగేసిన సంగతి ఆ రోజే తెలుసు. తెలిసే ఇన్నేళ్లూ నవ్విస్తూ కథ చెప్పాడు. ఆమెకి కోపంతో చెవులు హోరెత్తాయి.

"ఈసారి కాపాడను," అని ఉత్తరం పంపేసింది.

తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న మాత్రం, "రేపు కొత్త బ్యాచి. తొమ్మిదింటికి క్లాసు. వచ్చి కూర్చో," అని లేచి వెళ్లిపోయాడు.

ఆమె వెళ్లింది. ఓడిపోయిన మొహాన్ని కళ్లారా చూద్దామనే వెళ్లింది, అందులో దాపరికమేం లేదు. వెనక వరసలో కాలు మీద కాలేసుకుని మరీ కూర్చుంది.

నాన్న కథ మొదలుపెట్టాడు. ఏటా అందరూ నవ్వే చోటికి రాగానే ఈ పిల్లలూ నవ్వడం మొదలుపెడితే చెయ్యెత్తి ఆపాడు. "నవ్వకండి. ఆ కాగితం మీద రెండో సంతకం నాది. నేను చదివుంటే ఆవిడ పడిపోయేది కాదు. నా పరువు కోసం నా కూతుర్ని బలిచేశాను. పన్నెండు బ్యాచిల ముందు ఆ సంతకం దాచాను."

ముందు వరసలో ఒకమ్మాయి మెల్లిగా లేచింది. "మరి మీ అమ్మాయి అప్పుడే ఎందుకు చెప్పలేదు సార్?"

"నేనెప్పుడూ అడగలేదమ్మా." నాన్న తల తిప్పి వెనక వరస వైపు చూశాడు. "ఎందుకు చెప్పలేదు తల్లీ?"

అందరూ వెనక్కి తిరిగారు. ఇన్నేళ్లుగా నూరిపెట్టుకున్న జవాబులు ఆమె దగ్గర బోలెడున్నాయి. వాటన్నిటినీ పక్కన పెట్టి లేచి నిలబడింది.

"మీరు భయపడ్డారు నాన్నా," అంది. "మీకు కూడా భయమేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. చూడలేకపోయాను."

ఆయన కళ్లద్దాలు తీశాడు. పిల్లలందరూ చూస్తుండగానే వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె కోరుకున్నది సరిగ్గా ఇదే. తీరా జరిగాక ఒక్క క్షణం కూడా సంతోషం కలగలేదు. మెట్లు దిగి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆ సాయంత్రం సంఘానికి ఇంకో ఉత్తరం రాసింది.

"నిన్న రాసిందాంట్లో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. మీ బహుమతి ఎవరికివ్వాలో మీ ఇష్టం. కానీ తన తప్పుని తన నోటితో, తన శిష్యుల ముందు పాఠంగా చెప్పిన గురువుని నేను ఒక్కరినే చూశాను. ఆయన మా నాన్న."