మూడో అంతస్తు నుంచి వచ్చిన విన్నపం

పరాగ్వే రాజధాని అసున్సియోన్‌లో జనవరి ఎండంటే మాటలు కాదు. మధ్యాహ్నం భోజనాలు కాగానే ఊరు ఊరంతా తలుపులు బిగించుకుని సియెస్టాకు పడుకుంటుంది. కుక్కలు కూడా మొరగవు. ఆ వేళ కునుకు తీసే భాగ్యం లేనిది రోగులకూ, మాలాంటి వాళ్లకూ మాత్రమే.

ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకోవడం నా పని. నేను కూర్చునేది నేలమాళిగలో, సర్వర్ గదిలో. పైన జనం చెమటలో ఈదుతుంటే కింద నేను స్వెట్టర్ వేసుకుని వణుకుతుంటాను. ఇది జరిగిన నాటికి మూడు రోజులుగా ఇంటి మొహం చూడలేదు. కళ్లలో ఇసుక పోసినట్టుంది. ఇదంతా మా పెద్ద ఇంజనీరు బెనీసియో గారి పుణ్యం.

మా ఆసుపత్రికీ, ఊరూరా ఉన్న దాని శాఖలకూ కలిపి వేల కంప్యూటర్లున్నాయి. ఒక్కోదానిలో వైరస్‌లను పట్టే కాపలా ప్రోగ్రాం ఉంటుంది. ఆ కాపలావాళ్లందరి మీదా పెత్తనం ఒక్క సర్వర్‌ది. ప్రతి కంప్యూటరూ రోజుకోసారి దాన్ని పలకరించి కొత్త వైరస్‌ల వివరాలు పట్టుకెళ్లాలి. "సియెస్టాలో ఎవడు పనిచేస్తాడు, అప్పుడు పెట్టేయండి" అని బెనీసియో గారు అన్నిటికీ ఒకే వేళ పెట్టించి, ఇంటికెళ్లి హాయిగా పడుకున్నారు. ఆసుపత్రికి సియెస్టా ఉండదన్న సంగతి ఆయనకు తట్టలేదు. మధ్యాహ్నమయ్యేసరికి వేల కంప్యూటర్లు ఒక్కసారిగా మీద పడితే సర్వర్‌కు ఊపిరాడేది కాదు. అది పలికేదాకా ఏ కంప్యూటరూ ఫైలు తెరవకూడదన్న నిబంధన కూడా ఆయన పెట్టిందే. దాంతో ల్యాబు రిపోర్టులు ల్యాబులోనే ఇరుక్కునేవి.

ఆ రోజు ఇరుక్కోకూడని రిపోర్టు ఒకటుంది. నాతో పనిచేసే నీమియా కూతురు లుజ్మిలా డెంగీతో మూడో అంతస్తులో ఉంది. ఏడేళ్ల పిల్ల. రక్తంలో ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో తేలితే గానీ డాక్టరు ఏ సంగతీ చెప్పనన్నాడు. ఎక్కించడానికి ఉన్నది ఒక్క ప్లేట్‌లెట్ల సంచి. దాని కోసం ఎదురు చూస్తున్న పిల్లలు ఇద్దరు.

ఫోన్ మోగింది.

"ఎలాదియో, ఇంకెంతసేపు?"

"వచ్చేస్తోంది."

"ఇందాకట్నుంచీ వచ్చేస్తోందనే అంటున్నావ్. గాడిద మీద వస్తోందా?"

"గాడిదైతే ఈపాటికి చేరేది. పిల్లెలా ఉంది?"

"మూలుగుతోంది. పక్క మంచం పిల్లాడి తల్లి నావైపు చూడట్లేదు. నేనూ ఆమె వైపు చూడట్లేదు," అంది నీమియా.

ఫోన్ పెట్టేశాను. కరిగిన మంచునీళ్లతో చప్పబడిపోయిన తెరెరే ఆకుటీ ఒక గుక్క పీల్చి పనిలో పడ్డాను. విభాగాలన్నీ విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో వేళ ఇచ్చాను. పేరుకుపోయిన పాత విన్నపాలు తుడిచేశాను. శాఖల కంప్యూటర్లను సాయంత్రం రమ్మన్నాను. ఒక్కో గుంపు తగ్గేకొద్దీ సర్వర్ తేరుకోవాలి.

తేరుకోలేదు. దాని ఫ్యాన్లు రొప్పుతూనే ఉన్నాయి.

వేల కంప్యూటర్లను పక్కకు తప్పించాక చూస్తే, అడుగున ఒక్కటే మిగిలింది. దానికి పేరు లేదు. విభాగం లేదు. ఎప్పుడూ మా నెట్‌వర్క్‌లో లేని కొత్త యంత్రం. "నన్ను లోపలికి చేర్చుకోండి" అని ఒకటే విన్నపం, క్షణం తెరిపి లేకుండా. కాదని కొట్టేశాను. మళ్లీ వచ్చింది. ఎన్నిసార్లు కొట్టేస్తే అన్నిసార్లు వచ్చింది. సర్వర్ మెడ మీద కూర్చున్నది అదేనన్నమాట. ఎక్కడి నుంచా అని చూస్తే... మూడో అంతస్తు, పిల్లల వార్డు, చివరి నెట్‌వర్క్ సాకెట్.

నీమియాకు ఫోన్ చేశాను.

"వార్డు చివర గోడకు ఏదైనా కంప్యూటర్ తగిలించారేమో చూసి రా."

ఆమె చెప్పుల చప్పుడు వినిపించింది. ఆగింది.

"సాకెట్ ఉంది. దానికి ఏమీ తగిలించి లేదు."

"సరిగ్గా చూడు."

"తీగే లేదయ్యా బాబూ. గోడ, సాకెట్, అంతే." ఉన్నట్టుండి ఆమె గొంతు తగ్గించింది. "ఎలాదియో... కిటికీ అవతల ఎవరో ఈల వేస్తున్నారు."

"మూడో అంతస్తు కిటికీ అవతలా?"

"అదే కదా నేననేది... పిల్ల కళ్లు తెరిచి అటే చూస్తోంది."

చిన్నప్పుడు మా అమ్మమ్మ మమ్మల్ని గదిలో పడేసి గొళ్లెం పెట్టేది. సియెస్టా వేళ బయట ఈల వినిపిస్తే పలకొద్దు, ఎవరు ఏమడిగినా ఊ అనొద్దు అనేది. ఆ ఈల వేసేది తేనె ఆశ చూపి పిల్లల్ని ఎత్తుకుపోతుందట, ఊ అంటే ఇంట్లోకే వస్తుందట. ఈ ఊళ్లో ఆ మాట వినకుండా పెరిగినవాడు ఉండడు. నాకూ గుర్తొచ్చింది. గుర్తు రాలేదని అబద్ధమాడను.

కానీ ఎంత అలసిపోయానంటే... ఆ విన్నపం ఆగితే చాలనిపించింది. రిపోర్టు పైకి వెళ్తే చాలు. పిల్ల బతికితే చాలు. ఒక గంట పడుకుంటే చాలు.

"అనుమతించు" అన్న చోట నొక్కాను.

ఫ్యాన్లు ఆగిపోయాయా అన్నంత నిశ్శబ్దం. సర్వర్ మీది భారం పూర్తిగా దిగిపోయింది. ఆ చలిగదిలో, ఇనుమూ దుమ్మూ తప్ప మరో వాసన ఎరగని గదిలో, తేనె వాసన వచ్చింది. అప్పుడే పిండిన అడవి తేనె... వెచ్చగా.

కాసేపటికి నీమియా ఏడుస్తూ ఫోన్ చేసింది. సంతోషంతో. రిపోర్టు వచ్చిందట. ప్లేట్‌లెట్లు బాగా పెరిగాయట. ఆ ఒక్క సంచీ పక్క మంచం పిల్లాడికి ఎక్కిస్తున్నారట. లుజ్మిలా లేచి కూర్చుని చీపా రొట్టె అడిగిందట. నాకు కళ్లు చెమర్చాయి. తల బల్ల మీద వాల్చి అక్కడే నిద్రపోయాను.

ఎవరో భుజం తట్టారు. ల్యాబులో రక్తపరీక్షలు చేసే తోర్కువాతా అమ్మ. పెద్దావిడ. జుట్టు చెదిరి ఉంది, చెంప మీద దిండు అచ్చు.

"మీ యంత్రాలకు పిచ్చెక్కిందా నాయనా? నేను పంపని రిపోర్టు నా పేరు మీద పైకి వెళ్లిందని చూపిస్తోంది."

"ఏ రిపోర్టు?"

"నీమియా కూతురిది. కంప్యూటర్ బిగుసుకుపోయింది కదా అని నేను నడుం వాల్చాను. ఆ రక్తం నేనసలు పరీక్షకే పెట్టలేదు. ఇప్పుడే పెట్టబోయాను."

ఆవిడ గాజు గొట్టం దీపం కిందికి ఎత్తి చూపించింది. మీద లుజ్మిలా పేరు ఉంది. లోపలిది నల్లగా గడ్డకట్టి ఉంది.

"జీవితమంతా ఈ పనిలోనే ఉన్నాను," అంది మెల్లగా. "బతికున్న ఒంట్లోంచి తీసింది ఇలా ఉండదు."

ఫోన్ మోగింది. నాకు ఎత్తబుద్ధి కాలేదు. ఎత్తాను.

"ఎలాదియో." నీమియా గొంతు గుసగుసలా ఉంది. "పిల్ల బాగానే ఉంది. జ్వరం లేదు."

"మంచిదే కదా."

"పొద్దున సూది గుచ్చిన చోట చెయ్యి కమిలిపోయింది. ఇప్పుడు ఆ కమిలిన మచ్చ లేదు. రెండేళ్లప్పుడు పాలగిన్నె మీద పడి మోచెయ్యి కాలింది. ఆ మచ్చా లేదు."

నా చూపు ఆవిడ చేతిలోని గాజు గొట్టం మీదికి పోయింది.

"నన్ను అమ్మా అనట్లేదు... పేరు పెట్టి పిలుస్తోంది."

అవతల ఊపిరి చప్పుడు వినిపించింది. అది ఒక్కరిది కాదు.

"ఎత్తుకోమని చేతులు చాపుతోంది," అంది నీమియా. "ఎలాదియో... ఎత్తుకోనా?"