డెబ్బై రెండు కిలోల తేడా

సబ్బుల లారీ వెంట తేనెటీగలు పడ్డాయన్న కబురు రాగానే ఇంజినీరమ్మాయి పంపులాయన మీద విరుచుకుపడింది.

“మీ పంపు సెంటు ఎక్కువ పోస్తోంది!”

“చెప్పినంతే పోస్తుందండీ. చెప్పేది మీ కంట్రోలర్.”

పంపులాయన ఆరితేరిన వ్యాపారి. పంపు అమ్మాక ఏడాదికోసారి వెళ్లి చూస్తే మహా ఎక్కువ. ఈ ఫ్యాక్టరీకి మాత్రం రోజూ పదకొండింటికి సర్వీసు! సెంటు డ్రమ్ము పక్కన చతికిలబడి, ఆమె ప్రోగ్రాం రాస్తూ జడలో పెన్ను గుచ్చుకోవడం చూసేవాడు. ఆ అరగంటతో రోజంతా లాభంలో పడేది.

ఫ్యాక్టరీ యజమాని ఆమె బామ్మే. స్టీలు గ్లాసు పట్టుకుని వచ్చింది.

“నలభై ఏళ్లు దీంతోనే కొలిచాను, ఒక్క ఈగ వాలలేదు. శనివారానికి నీ మెషిన్ దారికి రాకపోతే పీకించేస్తా. నువ్వు మళ్లీ ఆ దూరపు ఉద్యోగానికే పో.”

పంపులాయనకి తన అరగంట లాభం గోవిందా అనిపించింది.

శుక్రవారం ఆమె గ్రాఫు చూపించింది.

“డ్రమ్ము ఎంత తేలికైతే అంత సెంటు పోసినట్టు కంట్రోలర్ లెక్క. రోజూ పదకొండింటికి డ్రమ్ము బరువు డెబ్బై రెండు కిలోలు పెరుగుతోంది. సెంటు కదల్లేదనుకుని కంట్రోలర్ పంపుని తెగ తోలేస్తోంది. పదకొండున్నరకి ఆ బరువు మాయం! అంతా కారిపోయిందనుకుని ఆపేస్తోంది. తర్వాతి సబ్బులకి వాసనే లేదు. మంగళవారమైతే డెబ్బై మూడు!”

మంగళవారం అతను కడుపునిండా టిఫిన్ తిని వచ్చాడు. మెల్లగా కిందికి చూసుకున్నాడు. రోజూ కూర్చుంటున్నది డ్రమ్ము నిలబెట్టిన తూకం బల్ల మీదే!

నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, అమ్మాయి వెళ్లిపోతుంది. చెబితే పరువు పోతుంది, అమ్మాయి సంగతి... ఏమో. ఆ ‘ఏమో’కే బేరం కుదుర్చుకున్నాడు.

“ఆ డెబ్బై రెండూ నేనేనండీ.”

“రోజూ ఇక్కడెందుకు కూర్చుంటున్నారు?”

“పంపు చూద్దామని...”

“పంపు అటుంది.”

“అవునండీ. మీరు ఇటున్నారు.”

ఆమె జడలోంచి పెన్ను తీసి, మళ్లీ అక్కడే గుచ్చుకుంది.

శనివారం సబ్బులన్నీ ఒకే వాసన. పంపులాయన యథాస్థానంలో.

“ఏం చేశావే?” అంది బామ్మ.

“లెక్కలోంచి ఈయన బరువు తీసేశాను.”

“లేచి కుర్చీలో కూర్చోమంటే పోయేదిగా!”

“అక్కణ్ణుంచి నేను కనపడను బామ్మా.”

బామ్మ అతన్ని ఎగాదిగా చూసింది. “పెళ్లయ్యాక ఒళ్లు చేస్తాడు మరి?”

“పది కిలోల దాకా సర్దుకునేలా రాశాను.”

బామ్మ గ్లాసు నిండా నీళ్లు పోసి అతని చేతికిచ్చింది. “తాగు అబ్బాయ్, చూద్దాం.”

తాగాడు. తెర మీద పావు కిలో పెరిగింది. సబ్బులకి ఏమీ కాలేదు.