లిస్బన్ నుంచి హెల్సింకీకి

"హెల్సింకీ నుంచి లిస్బన్‌కి మూడు గంటల్లోపేనా? అది విమానమా, తారాజువ్వా?"

రుచిత మాటకి భరద్వాజ్ కంప్యూటర్ తెరవైపు వంగాడు. విమానాల ప్రయాణ సమయం చూపించే ఆ ప్రోగ్రాం రాసింది అతనే. అందులో తప్పులు పట్టడం రుచిత ఉద్యోగం. ఉద్యోగం కాకపోయినా పట్టే మనిషే.

"లిస్బన్ నుంచి అటు వెళ్ళడానికి దాదాపు ఏడు గంటలట. తిరిగొచ్చేవాడికి అంత తొందరేంటండీ?"

"రెండు ఊళ్ళ గడియారాలకీ రెండు గంటలు తేడా. లెక్కలో వెయ్యడం మర్చిపోయా."

"ఇండియాలో ఇంటికి ఫోన్ చేసేటప్పుడు కూడా ఇంతేనా? పాపం, అర్ధరాత్రి లేపేస్తుంటారు!"

సరిచేశాక ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "వేరే ఊళ్ళు కొట్టి చూపించండి."

భరద్వాజ్ వేళ్ళు మళ్ళీ లిస్బన్, హెల్సింకీ అనే కొట్టాయి. ఇంకోసారి అడిగినా అవే.

"యూరప్‌లో వేరే ఎయిర్‌పోర్టులు లేవా?"

లేకేం, బోలెడున్నాయి. కానీ వచ్చేవారం కంపెనీ పనిమీద రుచితని పంపుతున్నది లిస్బన్‌కి, అతన్ని హెల్సింకీకి. వాళ్ళు పనిచేసే సింగపూర్‌లో డాట్‌కామ్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. మేనేజర్ సీతారామారావుగారు ఇద్దర్నీ పిలిచి, "ఏమైనా ఇబ్బందా?" అని అడిగారు. విదేశాల్లో ఆన్‌సైట్ పని అంటే నిద్రలో లేపినా 'నో ప్రాబ్లం సార్' అనే ప్రాణం భరద్వాజ్‌ది. అనేశాడు. అప్పట్నుంచీ క్లెమెంటిలోని అద్దెగదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

మధ్యాహ్నం వాన దంచేస్తోంది. చౌకగా తిండి దొరికే హాకర్ సెంటర్‌లో ఆమె ఎదురుగా ప్లేటు పెట్టుకుని కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

"రుచితగారూ, ఇప్పుడు నాలుగు ముప్పావు గంటలు వస్తోంది."

"తెలుసు. టెస్ట్ చేసింది నేనే."

"డైరెక్ట్ ఫ్లైట్ లేకపోతే ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి..."

"ఎవరికండీ ఈ లెక్కలు?"

"నాకు."

రుచిత చెంచా కింద పెట్టేసింది. "మరి సార్ అడిగితే నో ప్రాబ్లం అన్నావేం? నేను పక్కనే ఉన్నా. ఒక్కసారి నావైపు చూస్తావేమో అనుకున్నా. తల తిప్పితే మెడ విరుగుతుందా?"

మొదటిసారి 'నువ్వు' అంది. అదీ తిట్టడానికి.

"నోరు ముందు పరిగెత్తింది రుచితా. ప్రాబ్లం ఉంది. నువ్వు ఆ మూల, నేను ఈ మూల అనుకుంటేనే ఊపిరాడట్లేదు. నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఇప్పుడే వెళ్ళి హెల్సింకీ వద్దని చెప్పేస్తా."

లేవబోయాడు.

"కూర్చో! వద్దంటే ఇంకొకర్ని పంపుతారు. నువ్వు ఇక్కడే ఉండిపోతావు. లిస్బన్‌కి సింగపూర్ దగ్గరా?"

అది అతనికి తట్టనే లేదు. పేరుకి దూరాలు లెక్కగట్టే ఇంజనీరు!

"మరేం చెయ్యమంటావు?"

"బుద్ధిగా వెళ్ళు. సెలవు దొరికితే విమానమెక్కు. ఒకసారి నువ్వు రా, ఒకసారి నేనొస్తా."

"అంటే... నీకూ..."

"అన్నీ నాచేతే చెప్పించు!"

చుట్టూ జనం ట్రేలు పట్టుకుని చోటు కోసం తిరుగుతున్నారు. పక్క టేబుల్ ఖాళీగానే ఉన్నా, దానిమీద ఎవరో టిష్యూ ప్యాకెట్ పెట్టి, అక్కడివాళ్ళ మాటలో చోటు 'చోప్' చేసి వెళ్ళారు కాబట్టి ఒక్కరూ కూర్చోవడం లేదు. రుచిత తన బ్యాగులోంచి ఒక టిష్యూ ప్యాకెట్ తీసి, భరద్వాజ్ చొక్కా జేబులో పెట్టింది.

"చోప్ చేసేశా. ఇంకెవరైనా వచ్చి కూర్చున్నారో, లిస్బన్ నుంచి వచ్చి మరీ లేపుతా."