దండ విమానం

"చక్రం పోయింది." బాస్టియన్ తలుపు మూయకముందే కర్నల్ దుప్రా చెప్పేశాడు. "పొద్దున వర్క్‌షాపులో ఉంది. ఇప్పుడు లేదు."

గూఢచారి విభాగం కెప్టెన్ బాస్టియన్ కొర్వెల్‌కు ఆ మాట చాలు. అది 1916, మొదటి ప్రపంచ యుద్ధకాలం. మొన్నమొన్నటిదాకా ఫ్రెంచి విమానాలు పైనుంచి ఫొటోలు తీసుకుని వచ్చేవి. ఆకాశంలో జర్మన్ పైలట్ ఎదురైతే మనవాళ్లు చెయ్యూపేవారు. ఇప్పుడు అవే విమానాలు వేటాడుతున్నాయి. గిర్రున తిరిగే ప్రొపెల్లర్ రెక్కల సందుల్లోంచి మెషిన్‌గన్ పేలేలా చేసేది, అరచేతిలో ఇమిడే ఆ కొత్త ఉక్కు చక్రమే. జర్మన్ల దగ్గరున్నదాని కంటే మెరుగైనది. అది వాళ్లకు చేరితే ఈ ఎయిర్‌ఫీల్డ్ పైలట్లలో మిగిలేది ఎవరు?

"గేట్లు మూయించాను. చీమ కూడా బయటికి పోదు," అన్నాడు కర్నల్.

బయట ఇంజన్ మోత.

"మరి అదేంటి సార్?"

"దండ విమానం. నిన్న మనం కూల్చిన జర్మన్ పైలట్‌కి పూలు. వాళ్ల ఎయిర్‌ఫీల్డ్ మీద వేసి వచ్చేస్తారు. దాన్ని వాళ్లు కాల్చరు, మనం సోదా చెయ్యం. అదో మర్యాద."

బాస్టియన్ అప్పటికే పరుగెత్తుతున్నాడు.

మైదానం అంచున ఇవెట్ లమార్క్ నిలబడి ఉంది. పారిస్ గాయని. జర్మన్ల రహస్యాలు మోసుకొచ్చే మన మనిషని అందరి నమ్మకం.

"ఏమిటా పరుగు కెప్టెన్? దండ బాగాలేదా? నేనే కట్టాను."

"గాస్తోన్!" మెకానిక్‌ను కేకేశాడు బాస్టియన్. "దండ సూటిగా కింద పడేందుకు బరువు నువ్వేగా కట్టింది?"

"ఎప్పుడూ నేనే ఇసుకమూట కడతాను సార్. ఇవాళ మేడమ్ కట్టుకొచ్చేశారు."

విమానం కదిలింది. బాస్టియన్ దూకి తోక పట్టుకున్నాడు. గడ్డిలో ఈడ్చుకుపోతున్నా వదల్లేదు.

"వదలరా పిచ్చోడా!" పైలట్ తిడుతూ ఇంజన్ ఆపాడు.

బాస్టియన్ దండ లాక్కుని, కింద వేలాడుతున్న మూట కోశాడు. నూనె మరకలతో ఉక్కు చక్రం చేతిలో పడింది.

ఇవెట్ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. గాస్తోన్ ఆ మణికట్టు ఒడిసి పట్టాడు. చిన్న పిస్టల్ గడ్డిలో పడింది.

"నిన్నటిదాకా చేతులూపుకున్నారు," ఆమె నవ్వింది. "ఇవాళ చంపి పూలు పంపిస్తున్నారు. మోసగత్తె మాత్రం నేనట!"

కర్నల్ రొప్పుతూ వచ్చాడు.

"ఇక దండలు బంద్!"

బాస్టియన్ దండకు ఇసుకమూట కట్టి పైలట్ చేతికిచ్చాడు.

"పోయినవాడేం చేశాడు సార్? పూలు వెళ్లనివ్వండి. ఇకమీదట మర్యాదని కూడా సోదా చేద్దాం."