జిగురుచెయ్యి నాణెం

పళ్ళ మేస్త్రి ఇంట్లో బీరువా తెరిస్తే బట్టల కంటే ముందు నాణేలు కనిపిస్తాయి. అలాగని డబ్బున్నవాడనుకుంటే పొరపాటే. ఆ నాణేలు పట్టుకెళ్తే కొట్టువాడు అగ్గిపెట్టె కూడా ఇవ్వడు. కార్టూన్ బొమ్మలూ, సినిమా రాక్షసులూ, వీడియో గేముల్లో ఎగిరే డ్రాగన్లూ రంగురంగుల్లో అచ్చేసి, ఫలానా కార్టూన్‌కి పాతికేళ్ళు నిండాయనో, ఫలానా సినిమా మళ్ళీ ఆడిందనో కంపెనీలు అమ్మే జ్ఞాపక నాణేలవి. ఒక్కొక్కటీ ఒక్కో గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో రాజుగారిలా కూర్చుని ఉంటుంది.

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టేవాడు కాదు. ఒక ల్యాబులో పళ్ళ సెట్లు తయారుచేస్తాడు. తోటివాళ్ళు ముద్దుగా పెట్టిన పేరది. పగలంతా ఊళ్ళోవాళ్ళ పళ్ళకి పాలిష్ పట్టి, ఇంటికొచ్చి తెల్ల గ్లౌజులు తొడుక్కుని నాణేల ముందు కూర్చుంటాడు. గ్లౌజులు లేకుండా ముట్టుకుంటే మాత్రం పాపమే. అద్దంలాంటి ఆ నున్నటి వెండి మీద వేలు పడిందా, ముద్ర చచ్చినా పోదు. మొదట కంటికి ఆనదు. రోజులు గడిచేకొద్దీ గోధుమరంగు తిరిగి మెల్లగా పైకి తేలుతుంది.

అన్ని నాణేల్లోనూ అతనికి ప్రాణం ఏడు నాణేల సెట్టు ఒకటే. చిన్నప్పుడు టీవీలో వచ్చిన ఎగిరే బస్సు కార్టూన్‌ది. బస్సులో ఆరుగురు పిల్లలు, వాళ్ళ వెంటపడే ఒక దొంగ. వాడి పేరు జిగురుచెయ్యి. వాడు చెయ్యి చాచి "ఇస్తావా?" అని అడుగుతాడు. పొరపాటున "ఇస్తా" అన్నారో, మీ మొహం, మీ గొంతు, మీ ఇంటి తాళం అన్నీ వాడివే. పిల్లలు "ఇవ్వం పో!" అని అరిస్తే తోకముడిచి పారిపోతాడు. అమ్మానాన్నలు పనుల్లోంచి వచ్చేదాకా మేస్త్రీ, అతని అక్కా ఒకే దుప్పట్లో దూరి ఆ కార్టూన్ చూసేవాళ్ళు. అక్క చెయ్యి చాచి "ఇస్తావా?" అనేది. తమ్ముడు దుప్పట్లోంచి "ఇవ్వం పో!" అని కేకపెట్టేవాడు.

అమ్మానాన్నలు పోయారు. మేస్త్రి పెళ్ళి మాటెత్తితే నవ్వి ఊరుకుంటాడు. అతనికి మిగిలింది అక్క, అక్క కూతురు బుజ్జిది. అక్క టైలరు. రెండు బస్సులు మారితే గానీ ఆవిడ ఇల్లు రాదు. ఇతను తాళంచెవులు పారేసుకోవడంలో మొనగాడని వేలిముద్ర తాళాలు జంటగా కొని, ఒకటి ఇతని తలుపుకీ ఒకటి తన తలుపుకీ బిగించిందావిడ. రెండు తాళాలకీ ఇద్దరి బొటనవేళ్ళూ తెలుసు. "నా ఇల్లు వేరు, నీ ఇల్లు వేరు ఏంట్రా?" అంది. ఆ మాట మేస్త్రి ల్యాబులో పదిమందికీ చెప్పుకున్నాడు.

బుజ్జిదానితో ఆట కొంచెం మారింది. మామయ్య చెయ్యి చాచి "ఇస్తావా?" అంటే, అది "ఇస్తా!" అని చేతిలో ముద్దు పెట్టాలి. ఆ ఆట నేర్పింది మేస్త్రే.

సెట్టులో ఆరుగురు పిల్లలూ ఎప్పుడో దొరికారు. దొంగగాడే దొరకలేదు. వాడి నాణేలు తక్కువ వేశారట. ఏ సంతలో అడిగినా పెదవి విరుపే. అలాంటిది పుట్టినరోజు నాడు అక్క గుమ్మంలో నిలబడి గుప్పిట ముందుకు చాచింది.

"ఏంటో చెప్పుకో."

"నిజంగానా? అక్కా, నిజంగా వాడేనా?"

"నీకు కావాలా?"

"కావాలి!"

"నోరు తెరిచి అడుగు. ఇష్టంగా తీసుకుంటావా?"

"తీసుకుంటానే తల్లీ, ఇయ్యి!"

అక్క నవ్వలేదు. గుప్పిట విప్పి డబ్బీ అతని చేతిలో పెట్టి, ఆ చేతిని వెంటనే వెనక్కి లాక్కుంది. బుజ్జిదాన్ని తీసుకురాలేదేం అంటే, ఒంట్లో నలతగా ఉందంది. టీ పెడతానన్నా ఆగలేదు. మెట్లు దిగుతూ ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. మేస్త్రి ఆనందంలో ఇవేవీ పట్టించుకోలేదు.

దీపం కింద పెట్టి చూస్తే నాణెం దివ్యంగా ఉంది. ఊదారంగు ముసుగు, చాచిన చెయ్యి. బొమ్మ పక్కన నున్నటి వెండి మీద మాత్రం ఒక చిన్న వేలిముద్ర. పసిపిల్లల బొటనవేలు. 'బుజ్జిదాని పనే' అనుకుని విసుక్కున్నాడు, మళ్ళీ తనే నవ్వుకున్నాడు. కానీ డబ్బీ చుట్టూ కంపెనీవాళ్ళ సీలు చెక్కుచెదరకుండా ఉంది. లోపలికి వేలెలా వెళ్ళిందో అతనికి బోధపడలేదు.

తర్వాత రోజుల్లో ఆ చిన్న ముద్ర వెలిసిపోతూ వచ్చింది. దాని చోట ఇంకోటి, పెద్దది, పొగలాగా తేలసాగింది.

ఆ వారంలోనే ల్యాబులో హాజరు మిషను అతని వేలిని ఒప్పుకోవడం మానేసింది. ఎన్నిసార్లు పెట్టినా ఎర్ర దీపమే. యజమాని పడీపడీ నవ్వాడు. "పళ్ళకి పాలిష్ పట్టీ పట్టీ నీ వేలే అరగ్గొట్టుకున్నావయ్యా మేస్త్రీ! సంతకం పెట్టి తగలడు." మేస్త్రి కూడా నవ్వాడు. పాలిష్ చక్రం దగ్గర పనిచేసేవాళ్ళకి వేళ్ళు అరగడం మామూలే. కానీ ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ బొటనవేలు చూసుకుంటే నవ్వు ఆగిపోయింది.

గీతలు లేవు. గీతలు పోతే పోయాయి, గాటు కూడా లేదు.

చిన్నప్పుడు డబ్బా మూత కోసుకుని పడిన గాటది. అక్క తన జడ రిబ్బను చింపి కట్టుకట్టి, అతన్ని చంకనేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. అంత లోతు గాటు ఏ పాలిష్‌కి అరుగుతుంది? వేలు మైనం పూసినట్టు నున్నగా ఉంది. మేస్త్రికి డబ్బీలోని పెద్ద ముద్ర గుర్తొచ్చింది. దాని మధ్యలో అడ్డంగా ఒక గీత. దాన్ని నిన్న చూసి కూడా వెండి మీద గీరు అనుకున్నాడు. పని మధ్యలోనే వదిలేసి ఇంటికి బయల్దేరాడు.

వాన పట్టుకుంది. పొద్దుగూకేసరికి వీధిలో కరెంటు పోయింది. అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ టార్చి వేసి, కళ్ళు నులుముకున్నాడు.

"ఇప్పుడేగా సార్ పైకెళ్ళారు? మళ్ళీ ఎప్పుడు దిగారు?"

"నేనా?"

"మీరే. పలకరించినా పలకలేదు. పైగా పొడిగా ఉన్నారు, ఇంత వానలో..."

మేస్త్రి ఎప్పటిలా కుడికాలు కొంచెం ఈడుస్తూనే గబగబా మెట్లెక్కాడు. మూడో అంతస్తు చీకటిగా ఉంది. బ్యాటరీ మీద నడిచే తాళానికి కరెంటుతో పని లేదు కదా, నీలం దీపం మిణుకుమిణుకుమంటోంది. అలవాటుగా వేలు పెట్టాడు. "గుర్తించలేదు. మళ్ళీ ప్రయత్నించండి," అంది తాళంలోని ఆడగొంతు. తాళం మీద రహస్య అంకెలు నొక్కి లోపలికి వెళ్ళాడు.

ముందు వాసన తగిలింది. చాలాసేపు చిల్లర పట్టుకున్న చేతికి వస్తుందే, ఆ లోహపు కంపు. గదంతా అదే. తర్వాత చప్పుడు వినిపించింది. బల్ల మీద నాణెం గిర్రున తిరుగుతున్న చప్పుడు. తిరిగే నాణెం కాసేపటికి తూలి, గడగడమని పడిపోవాలి.

అది పడటం లేదు...

తిరుగుతూనే ఉంది...

గోడకి ఆనుకుని, ఎలాగో రహస్య అంకెలు నొక్కి ఫోన్ తెరిచాడు. ఎవరికి చేస్తాడు? కష్టమొస్తే అతనికి తెలిసిన నంబరు ఒక్కటే.

"అక్కా," అని గుసగుసగా అన్నాడు. "ఆ నాణెం ఎక్కడిది?"

"మొదలైందా?" అంది అక్క.

ఏమైందని అడగలేదావిడ. ఎందుకడుగుతున్నావనీ అనలేదు.

"నీకు తెలుసా?"

"గట్టిగా మాట్లాడకురా... ఇంట్లో ఉందా?"

"ముందు చెప్పు. తెలిసే ఇచ్చావా?"

"నీకోసమే కొన్నాన్రా, ఒట్టు. ఇంటికి తెచ్చాక బుజ్జిదాని వేలు నున్నగా అయిపోయింది. పిల్ల నా ఒళ్ళో పడుకుని ఉంది... వంటింట్లోంచి 'అమ్మా' అని పిలిచింది. అదే గొంతు. పారేసొచ్చాను. మళ్ళీ బీరువాలోనే ఉంది. అమ్మినాయన కాళ్ళావేళ్ళా పడితే చెప్పాడు. ఎవరైనా నోటితో అడిగి, ఇష్టంగా తీసుకుంటేనే మనల్ని వదులుతుందట."

"అందుకని నన్ను వెతుక్కున్నావా?"

"నాకు పిల్ల ఉందిరా."

"మరి నేనో?"

అక్క ఏడుస్తోంది. ఏడుస్తూనే అంది. "నీకెవరున్నారు చెప్పు?"

దయ్యం ఎదురొచ్చి పీక పట్టుకున్నా మేస్త్రి అంత కుంగిపోయేవాడు కాదు. ఒకే దుప్పట్లో పెరిగిన మనిషి, రిబ్బను చింపి కట్టు కట్టిన మనిషి, పోతే పోయాడులే అనుకోవడానికి తేలికైనవాడెవడా అని లెక్క వేసుకుని, తిన్నగా తన గుమ్మానికే వచ్చింది. పుట్టినరోజు చూసుకుని మరీ వచ్చింది. అతను ఎగిరి గంతేసి అందుకున్నాడు.

"నువ్వున్నావనుకున్నాను," అన్నాడు.

అప్పుడే బల్ల మీద నాణెం ఆగిపోయింది. తూలి పడలేదు. ఎవరో అరచేత్తో అదిమినట్టు, టక్కున ఆగింది. చీకట్లో కుర్చీ జరిగింది. అడుగులు అతని పక్కనుంచే వెళ్ళాయి, అచ్చం తనలాగే కుడికాలు కొంచెం ఈడుస్తూ... తలుపు తెరుచుకుంది... మూసుకుంది.

పోయింది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. నేల మీద కూలబడి, "పోయిందక్కా," అన్నాడు. ఇంత జరిగినా ఆ మాట చెప్పుకోవడానికి అక్కే కావాల్సొచ్చింది.

"నిజంగా? ఎక్కడికి పోయింది?"

అతను నోరు తెరిచేలోపు ఫోన్లోంచి ఒక ఆడగొంతు వినిపించింది. అతని తలుపు మీద రోజూ వినే గొంతే. "స్వాగతం."

అక్క ఇంటి తాళం. దానికి రెండు వేళ్ళు తెలుసు.

"అక్కా! పిల్లని పట్టుకో! బయటికి పరుగెత్తు!"

"ఓ, నువ్వా, హడలగొట్టావు కదరా..." అంది అక్క, ఎవరితోనో. మాట సగంలో ఆగిపోయింది. "నువ్వు... మరి ఫోన్లో..."

"మామయ్యా!" బుజ్జిదాని కేక. చిట్టి కాళ్ళు దబదబా పరుగెత్తిన చప్పుడు.

ఆ తర్వాత వినిపించింది మేస్త్రి గొంతే. ముద్దుగా, ఎప్పటిలాగే. "ఇస్తావా?"

"వద్దమ్మా! ఇవ్వం పో అను! బుజ్జీ, ఇవ్వం పో అను!" ఫోన్లోకి గొంతు చించుకుని అరిచాడు మేస్త్రి. పిల్లకి ఆ జవాబు ఎవరు నేర్పారు గనక? అది కిలకిలా నవ్వింది.

"ఇస్తా!"

తర్వాత ఏమీ వినపడలేదు. బయట వాన హోరు ఒక్కటే. మేస్త్రి ఫోన్ చెవికి నొక్కుకుని, "అక్కా... అక్కా..." అంటూనే ఉన్నాడు. చాలాసేపటికి అక్క పలికింది. గొంతు తేటగా ఉంది, ఏడుపు జాడే లేదు.

"ఎవరండీ మాట్లాడేది?"

"నేనక్కా, తమ్ముణ్ణి!"

"మా తమ్ముడు ఇక్కడే ఉన్నాడండీ. పిల్లతో ఆడుకుంటున్నాడు." ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ చేద్దామంటే ఫోన్ వేలు అడుగుతోంది. ఏ వేలు పెడతాడు? ఇందాక నొక్కిన రహస్య అంకెల్లో ఒక్కటీ భయంలో గుర్తురాలేదు. బల్ల దగ్గరికి పాకి, ఫోన్ వెలుగులో డబ్బీ చూశాడు. నాణెం మళ్ళీ లోపలే ఉంది, సీలు అలాగే ఉంది. వెండి మీద అతని ముద్ర వెలిసిపోతోంది. దాని చోట చిన్నది, పసిది, తడి ఆరనట్టు మెరుస్తూ తేలుతోంది.

వెళ్ళాలి. అక్క తననేమనుకున్నా సరే, ఆ పిల్లకోసం వెళ్ళాలి. రెండు బస్సులు మారాలి, వానకి ఒకటైనా దొరుకుతుందో లేదో. చెప్పులేసుకుని తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

బయట తాళం పలికింది. "గుర్తించలేదు. మళ్ళీ ప్రయత్నించండి."

చెయ్యి పిడి మీదే బిగుసుకుపోయింది.

"గుర్తించలేదు. మళ్ళీ ప్రయత్నించండి."

తర్వాత తలుపుకి బాగా కిందగా, అతని మోకాలి ఎత్తున, చిన్న చేత్తో ఎవరో తట్టారు.

"మామయ్యా... తలుపు తియ్యి మామయ్యా..." బుజ్జిది వెక్కివెక్కి ఏడుస్తోంది. "అమ్మ నన్ను ఎవరు నువ్వంటోంది... లోపలికి రానివ్వట్లేదు..."

ఫోన్ పెట్టేసి ఎంతో సేపు కాలేదు. అతని చెవి ఇంకా వెచ్చగానే ఉంది. రెండు బస్సుల దూరం నుంచి ఇంత పిల్ల, ఇంతలో ఎలా వచ్చింది?

"చెయ్యి పట్టుకో మామయ్యా... భయమేస్తోంది..."

తలుపు కింద సందులోంచి చిట్టి వేళ్ళు మెల్లగా లోపలికి వచ్చాయి. అరచెయ్యి పైకి తిప్పి, అలా చాచి ఉన్నాయి.

ఆ చెయ్యి పొడిగా ఉంది.