తాడు దగ్గర ఆగిన మిణుగురు

"అల్లం ఎక్కువ, పంచదార తక్కువ," అన్నాడు కస్టమర్.

"పంచదార అసలుకే లేదు సార్," అంది టీ కొట్టు నజియా.

కోడ్ కుదిరింది. ఆ కస్టమర్ జయప్రకాశ్, కేంద్ర గూఢచారి సంస్థ చీఫ్. ఆయన నవ్వగా చూసినవాళ్లు డిపార్ట్‌మెంట్‌లో లేరు. నజియా ఆయన బెస్ట్ ఏజెంట్. పాల్వంచ కంపెనీ కాలనీలో షిఫ్టు దిగినవాళ్లకు టీ పోస్తూ, ఎదురుగా ఉన్న రేకుల షెడ్డును కనిపెట్టుకుని ఉంటోంది.

షెడ్డులో ఉన్నది మిణుగురు. చిన్న డబ్బాలో వేలిగోరంత చిప్.

"సాయంత్రం ఐదింటికి దాన్ని తయారుచేసిన డాక్టర్ ప్రసూన లైవ్‌లో చూపిస్తుంది. డిజైన్ మొత్తం ప్రపంచానికి ఉచితంగా ఇచ్చేస్తుంది. ఆర్కిడ్ దాన్ని ఆపాలని చూస్తోంది," అన్నాడు చీఫ్.

ఆర్కిడ్ విదేశీ ముఠా. ఎవరికి ఏఐ తెలివి కావాలన్నా వాళ్ల సర్వర్లనే అడగాలి, కిరాయి కట్టాలి. అదీ వాళ్ల వ్యాపారం. మామూలు కంప్యూటర్లో లెక్క ఒకచోట, జ్ఞాపకం ఇంకోచోట. రెండింటి మధ్య తిరగడానికే బోలెడు కరెంటు కావాలి. మిణుగురులో రెండూ ఒకేచోట, మన మెదడులో లాగా. టార్చిలైటు బ్యాటరీ చాలు, సర్వర్‌తో పనే లేదు. మరి ఆర్కిడ్‌కు కడుపు మండదూ!

"ముఠాలో మన మనిషి దీపిక ఉంది. వాళ్లు ఆమెనే ఇన్వెస్టర్ వేషంలో షెడ్డులోకి పంపారు. నాకు ఆమె మీద పూర్తి నమ్మకం."

పాల్వంచ ఎండలో కూడా చెమట పట్టని మనిషిని నమ్మడం నజియాకు చేతకాదు.

మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగింది. ఆ మోతలోనే షెడ్డు వెనక నుంచి నల్ల కారు దూసుకుపోయింది. ప్రసూన చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"దీపిక! డబ్బా ఎత్తుకపోయింది నజియా!"

చీఫ్ మొహం పాలిపోయింది.

"ఇంకో చిప్ చేయలేమా మేడం?" అంది నజియా.

"చిప్ చేస్త. చదువెట్ల తెస్త? మూడేండ్లు అడవి ఊర్లల్ల పిల్లల దగ్గు విని నేర్చుకున్నది. ఏది నిమోనియానో, ఏది ఉత్త జలుబో చెప్తది. ఆ నేర్చుకున్నదంత దాని ఒంట్లనే ఉంటది, కాపీ కాదు. నీ చేతి టీ రుచి నాకు కాపీ అయితదా?" అంది ప్రసూన. "అది పోతే మల్ల సున్నా నుంచే. చూపియ్యకుంటె డిజైన్ ఎవరు నమ్ముతరు?"

"పోనియ్య," అని నజియా స్కూటర్ తీసింది.

దారిలో ఆమె ఫోన్‌కు సిగ్నల్ చచ్చిపోయింది. దీపిక కారులో సిగ్నళ్లను అడ్డుకునే జామర్ పెట్టింది. శాటిలైట్‌కు కూడా చిక్కకుండా ఆంధ్ర బోర్డర్ దాటేయాలని ఆమె ప్లాన్. కానీ ములకలపల్లి రోడ్డు పొడవునా జనం ఫోన్లు పైకెత్తి తిట్టుకుంటున్నారు. "ఇప్పుడే పోయింది సిగ్నల్!" ఆ తిట్ల వెంబడే నజియా అడవిలోకి వెళ్లింది.

మలుపులో నల్ల కారు ఆగి ఉంది. ముందు అడ్డంగా తాడు.

కోయవాళ్ల విత్తనాల పండుగ అది. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు రోడ్డుకు తాడు కడతారు. కలెక్టరైనా కాంట్రాక్టరైనా పండుగకు ఎంతో కొంత ఇవ్వాలి. లేదంటే దిగి వాళ్లతో ఆడాలి. రెండూ కాదంటే నెత్తిన బిందెడు పేడనీళ్లు.

"క్యాష్ లేదు. స్కాన్ చేస్తాను," అంది దీపిక.

"చెయ్యి బిడ్డా!" పెద్దమ్మ ముత్తమ్మ చాటకు అంటించిన క్యూఆర్ కోడ్ చూపించింది.

దీపిక ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. జామర్ ఆపితే ఆచూకీ దొరుకుతుంది. ఆపకపోతే పైసలు పోవు. తను తీసిన గోతిలో తనే పడింది పాపం.

"గట్లయితే దిగి ఆడు."

"మీతోనా? ఛీ!"

డోలు ఆగిపోయింది. అప్పుడే నజియా స్కూటర్ వచ్చి ఆగింది. దీపిక గభాల్న దిగి, లిప్‌స్టిక్ తీసి చేతిలోని డబ్బాకు ఆనించింది.

"లిప్‌స్టిక్ కాదిది. ఒక్క స్పార్క్, మిణుగురు బూడిద. తాడు తీయించు నజియా. మూడు లెక్కపెడతాను."

నజియా తుపాకీ మీద చెయ్యి వేయలేదు. వేస్తే మీట నొక్కేస్తుంది. ముత్తమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, గది ప్రసూన మేడం దగ్గు డబ్బా."

"ఒకటి," అంది దీపిక.

"ప్రసూనమ్మదా? నా మనవరాలి రోగం పట్టిచ్చిన డబ్బానా?" ముత్తమ్మ మొహం మారిపోయింది.

"రెండు..."

"నీ మూడు నా బిందెల కలిపిన బిడ్డా!"

పేడనీళ్లు దీపిక నెత్తిన ధబాల్న పడ్డాయి. లిప్‌స్టిక్ బుస్సుమని ఆమె చేతికే షాక్ కొట్టింది. డబ్బా నేల తాకేలోపే నజియా పట్టుకుంది. వానల్లో అడవంతా తిరిగిన డబ్బా అది, లోపలికి చుక్క దిగలేదు.

"మా అడవిల దొంగతనానికొస్తే చిల్లర తెచ్చుకోవాలె మేడం," అంటూ నజియా బేడీలు వేసి, జామర్ ఆపి చీఫ్‌కు ఫోన్ చేసింది.

చీఫ్ జీపులో ప్రసూన వచ్చేసరికి ఐదవుతోంది. షెడ్డుకు తిరిగి వెళ్లే టైం లేదు. "ఈడనే చూపిస్త," అంది ప్రసూన. రోడ్డు మీదే, ఫోన్ ముందే లైవ్ మొదలైంది. ముత్తమ్మ మనవరాలు డబ్బా ముందు దగ్గింది. పచ్చ లైటు వెలిగింది. ఉత్త జలుబే. ప్రసూన కళ్లు తుడుచుకోకుండానే డిజైన్ అప్‌లోడ్ బటన్ నొక్కింది. ఆర్కిడ్ ఆపుకుంటే ఆపుకోమను!

చీఫ్ హుందాగా పర్సు తీశాడు. ముత్తమ్మ దాన్ని పక్కకు నెట్టింది.

"నీ పైసలొద్దు సారూ. గామెను నమ్మింది నువ్వేనంట గదా?"

మిణుగురు డిజైన్ ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు, దాచిందేమీ లేదు. ఆ కేసు మొత్తంలో టాప్ సీక్రెట్ ముద్ర పడింది ఒక్క వీడియోకే. అందులో చీఫ్ జయప్రకాశ్ డోలు దెబ్బకు అడుగు తప్పుతూ ఆడుతున్నాడు, పైగా నవ్వుతున్నాడు.