మాణిక్యాంబ గారి కొడుకు

శుక్రవారం పొద్దున్న జయలక్ష్మి ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇలా జరగడం ఇది రెండోసారి. మొదటిసారి అత్తగారు మాణిక్యాంబ కొత్తకాపురం చూడటానికి వచ్చిన రోజున. ఆవిడ పోయేదాకా ఆ ఉప్మాని మరిచిపోలేదు, ఇంకెవర్నీ మరిచిపోనివ్వలేదు.

కిటికీ బయట ఒమన్ దేశపు సలాలా ఊరి కొబ్బరితోటల మీద సన్నటి తుంపర పడుతోంది. భర్త వీరభద్రరావు మెడ మీద గడ్డలోంచి తీసిన ముక్క ల్యాబుకి వెళ్ళి పది రోజులైంది. రిపోర్టు ఆదివారం వస్తుందన్నారు. ఈలోగా జయలక్ష్మి వంటింటి అలమరలోని ఏడుగురు దేవుళ్ళకీ ఏడు మొక్కులు పంచింది. వెంకన్నకి ఆయన తలనీలాలు ఇప్పిస్తానంది. ఆ తల మీద మిగిలినవి చూసి స్వామి దాన్ని ఎగతాళి అనుకోడు కదా అని తర్వాత భయపడింది.

ఏడు మొక్కులూ చాలవనిపించి కోడలి దగ్గరికి వెళ్ళింది.

హదస్సా వాళ్ళది గుంటూరు వైపు యూదుల కుటుంబం. తెలుగువాళ్ళలో యూదులు కూడా ఉన్నారని కొడుకు భానుతేజ చెప్పేదాకా ఆవిడకి తెలియదు. పిల్ల మంచిదే. కాకపోతే వాళ్ళ దేవుడికి రూపం లేదు, విగ్రహం లేదు, కనీసం కేలండరు మీద బొమ్మయినా లేదు. ఎటు తిరిగి దణ్ణం పెట్టాలో తెలియని ఆ దేవుడంటే జయలక్ష్మికి మొదటినుంచీ కాస్త బెరుకు.

"అమ్మాయ్, నువ్వూ ఒక మొక్కు మొక్కుకో. రిపోర్టులో ఏమీ లేకుండా రావాలని అడుగు. మీ దేవుణ్ణే అడుగు, నేనేమీ అనుకోను."

హదస్సా చేతిలోని బట్టలు పక్కన పెట్టింది. "అట్లా అడగకూడదండీ అత్తయ్యా. ముక్క తీయడం అయిపోయింది. అందులో ఏముందో ఈపాటికే ఉంది. జరిగిపోయినదాన్ని మార్చమనడం వట్టి ప్రార్థన అంటారు మా ఇంట్లో."

"వట్టిదా?"

"ఏం వచ్చినా మోసే బలమివ్వమని అడుగుతామండి."

"మోయడం దేనికీ? ఏదో వస్తుందని నువ్వే తేల్చేశావన్నమాట!" జయలక్ష్మి గొంతు లేచింది. "ఒక్క మాట అడగడానికి నీ నోరు పడిపోతుందా? అదే మీ నాన్నయితే అడగవూ?"

"మా అమ్మ కోసం అడిగానండి." హదస్సా చాలా నెమ్మదిగా చెప్పింది. "నయం కాలేదు. నెల రోజులు దేవుడితో పోట్లాడాను. మా దగ్గర అది తప్పు కాదు."

హాల్లోంచి వీరభద్రరావు కేకేశాడు. "ఇంకా బతికే ఉన్నానర్రా! నా పేరు మీద యుద్ధాలు మొదలెట్టకండి. ఉప్మా ఒక్కటి చాలు నాకు."

ఆ రోజంతా అత్తాకోడళ్ళు గిన్నెలతో తప్ప మాట్లాడుకోలేదు. నిజ్వాలో డ్యూటీ మీద ఉన్న భానుతేజ ఫోన్ చేస్తే ఇద్దరూ "ఇక్కడంతా బాగానే ఉంది" అన్నారు, ఒకే గొంతుతో.

పొద్దువాలే వేళ కోడల్ని టిఫినుకి పిలుద్దామని వెళ్ళి, జయలక్ష్మి గుమ్మంలో ఆగిపోయింది. ప్రతి శుక్రవారంలాగే హదస్సా రెండు కొవ్వొత్తులు వెలిగించి, రెండు చేతులతో కళ్ళు మూసుకుని నిలబడింది. తెలియని భాషలో ఏదో చదివింది. తర్వాత తెలుగులో, గుసగుసగా అంది:

"మాణిక్యాంబ గారి కొడుకు వీరభద్రరావు. ఆయనకి ఆరోగ్యమివ్వు. మాణిక్యాంబ గారి కోడలు రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు. ఆవిడకి ధైర్యమివ్వు."

జయలక్ష్మి గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

కళ్ళమీంచి చేతులు తీసి చూస్తే ఎదురుగా అత్తగారు. హదస్సా కంగారు పడింది.

"ఆ పేరు నీకెవరు చెప్పారే?"

"మామయ్యగారినే అడిగానండి, గడ్డ చూసిన రోజున. జబ్బుపడ్డవాళ్ళ కోసం ప్రార్థించేటప్పుడు తల్లి పేరుతో చెప్పడం మా ఆచారం."

"ఆ రోజునుంచీ రోజూనా?"

"రోజూనండి."

"పటం ఎదురుగా లేకపోతే వింటున్నాడో లేదో నీకెట్లా తెలుస్తుంది?"

"తెలియదండి. వింటాడని నమ్మి చెప్పడమే."

జయలక్ష్మి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆవిడ పేరు చెప్పావుగా, వినక ఛస్తాడా! మాణిక్యాంబ గారంటే ఊరు ఊరంతా లేచి నిలబడేది." నవ్వబోయి ఏడ్చేసింది. హదస్సా ఆవిడ చేయి పట్టుకుంది.

ఆదివారం పదిన్నరకి ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చింది. హదస్సా గబగబా చదివి, మళ్ళీ మొదటినుంచి మెల్లగా చదివింది. "మామూలు కొవ్వు గడ్డేనండి. భయం లేదన్నారు."

వీరభద్రరావు నెత్తి తడుముకున్నాడు. "అయితే తిరుపతిలో ఇవి కూడా పోయినట్టేనా?"

"నోరు ముయ్యండి," అంటూ జయలక్ష్మి కళ్ళు తుడుచుకుని వంటింట్లో దీపం వెలిగించింది. అగ్గిపుల్ల ఆర్పి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"అమ్మాయ్, మీ అమ్మగారి పేరేంటి?"

పెళ్ళయి ఎనిమిది నెలలు. తల్లి లేని పిల్ల అని తెలుసు. ఆ తల్లి పేరు ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు.

"నవోమి అండి," అంది హదస్సా.

జయలక్ష్మి ఏడుగురు దేవుళ్ళకీ చేతులు జోడించింది. "నవోమి గారి కూతురు హదస్సా. చల్లగా చూడండి స్వామీ. గోత్రం అడక్కండి, మా ఇంటి పిల్లే."